చేతిచమురు భాగవతం: సైఫై కన్వెన్షన్‌లో ఒక వారాంతం

మొదటిసారి ఒక సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కి, అంటే ఆ కథల అభిమానులంతా కలుసుకునే సభకి, వెళ్లినప్పుడు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నోరు తెరవగానే తప్పులో కాలేశాను. "టికెట్ ఎక్కడ తీసుకోవాలండీ?" అని అడిగాను. బల్ల వెనక డెబ్బై దాటిన ఒకావిడ కూర్చుని ఉన్నారు. మెడలో బ్యాడ్జి, దాని అడుగున ఒకదాని కింద ఒకటి అతికించిన రంగురంగుల రిబ్బన్లు, ఒళ్లో చుట్టలు చుట్టుకుని పడి ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, "టికెట్లు సినిమాకి అమ్ముతారు. ఇక్కడ మెంబర్లుగా చేరతారు. బ్యాడ్జి మీద ఏం పేరు రాయమంటారు?" అన్నారు.

మాట పట్టింపు మనిషి కాబోలు అనుకున్నాను. కాదని తెలియడానికి ఆదివారం సాయంత్రం దాకా పట్టింది. బయటివాళ్లకి ఈ కన్వెన్షన్లలో వింతగా తోచేవి చాలా ఉంటాయి. పేరున్న రచయిత కూడా డబ్బు కట్టి లోపలికి రావడమేమిటి, స్నానాల తొట్టిలో కూల్‌డ్రింకులేమిటి, ఒక నవలకి బహుమతి ఎలా ఇవ్వాలన్నదాని మీద పొద్దున్నే కూర్చుని నిబంధనల సవరణలు చేసుకోవడమేమిటి అనిపిస్తుంది. ఏ వింతని పట్టుకుని లాగినా చివరికి ఆవిడ అన్న ఆ మెంబర్ అనే మాట దగ్గరికే వస్తాం.

కన్వెన్షన్‌ని పొట్టిగా కాన్ అంటారు. కాన్ అని పేరు పెట్టుకున్నవన్నీ ఒకటి కావు. మనం ఫోటోల్లో చూసేది ఒక రకం. పెద్ద ఎగ్జిబిషన్ హాలు, సినిమా తారలు, ఆటోగ్రాఫ్ కోసం క్యూ, కొత్త ట్రైలర్లు, బొమ్మల స్టాళ్లు. వీటిలో చాలావాటిని వ్యాపార సంస్థలు నడుపుతాయి. తారలకి డబ్బిచ్చి పిలిపిస్తాయి, మన దగ్గర టికెట్ తీసుకుంటాయి. అక్కడ మనం ప్రేక్షకులం, అంతే. రెండో రకం పాతది, చిన్నది, ఫోటోలకి అంతగా ఎక్కనిది. ఏదో ఒక హోటల్లో శుక్రవారం మొదలై ఆదివారం ముగుస్తుంది. వచ్చేవాళ్లు కొన్ని వందల మంది, మహా అయితే రెండు మూడు వేలు. దాన్ని నడిపేవాళ్లలో జీతం తీసుకునేవాళ్లు ఉండరు. కమిటీ పెద్ద దగ్గర్నుంచి తలుపు దగ్గర బ్యాడ్జీలు చూసే కుర్రాడి దాకా, చాలాచోట్ల అందరూ తమ మెంబర్‌షిప్ తామే కొనుక్కుని, ఆపైన చాకిరీ కూడా చేసేవాళ్లే. చేతిచమురు భాగవతం అని మనవాళ్లు ఇలాంటిదాన్నే అంటారు.

రెంటికీ మధ్య గీత అంత కచ్చితంగా ఉండదు. శాన్ డియెగో కామిక్-కాన్‌ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థే. 1970 ఆగస్టులో సుమారు 300 మందితో మొదలైన ఆ సభకి ఇప్పుడు లక్షా ముప్పై వేల పైచిలుకు జనం వస్తున్నారు. లాభాపేక్ష లేకపోయినా అంత జనంలో మెంబర్ అనే మాటకి అర్థం మిగలదు. నా ఉద్దేశంలో తేడా తెలియాలంటే ఎవరు నడుపుతున్నారని కాకుండా, ఆదివారం రాత్రి కుర్చీలు ఎవరు మడత పెడుతున్నారని చూడాలి.

ఈ వ్యాసం రెండో రకం గురించి. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మిగతాది సులువు.

1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ అమెరికాలో 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రిక పెట్టాడు. ఇంగ్లిష్‌లో పూర్తిగా సైన్స్ ఫిక్షన్‌కే కేటాయించిన మొదటి పత్రిక అది. అందులో కథల సంగతి ఎలా ఉన్నా, ఉత్తరాల పేజీ మాత్రం చరిత్రని మార్చింది. పాఠకుల ఉత్తరాలతో పాటు వాళ్ల చిరునామాలు కూడా అచ్చయ్యేవి. ఊళ్లో ఇలాంటివి చదివే పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటున్న కుర్రాడికి, నాలుగు వీధుల అవతల ఇంకో పిచ్చివాడున్నాడని తెలిసింది. ఉత్తరాలు రాసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు, సైక్లోస్టైల్ తీసి సొంత పత్రికలు పంచుకున్నారు. ఇక మిగిలింది ముఖాముఖాలు చూసుకోవడమే.

1936 అక్టోబర్‌లో న్యూయార్క్ కుర్రాళ్లు కొందరు ఫిలడెల్ఫియా వెళ్లి అక్కడివాళ్లని కలిశారు. అందరూ కలిపి పట్టుమని పాతిక మంది లేరు. ప్రపంచంలో మొదటి సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ అదేనంటారు అమెరికన్లు. అదేం సభ, ఎవరింట్లోనో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారంతే, 1937 జనవరిలో లీడ్స్‌లో ముందుగా ప్రకటించి, హాలు మాట్లాడుకుని మేం జరిపిందే అసలైనది అంటారు బ్రిటిష్‌వాళ్లు. ఎనభై ఏళ్లు దాటినా ఈ వాదన తెగలేదు. తెగకుండా ఉంటేనే ఇద్దరికీ బాగుంటుందని నా అనుమానం.

1939లో న్యూయార్క్‌లో వరల్డ్స్ ఫెయిర్ జరుగుతుంటే, ఆ పేరులోని 'వరల్డ్' అరువు తెచ్చుకుని అక్కడి అభిమానులు ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ పెట్టారు. అదే నేటి వరల్డ్‌కాన్. జులై 2 నుంచి 4 దాకా మూడు రోజులు, దాదాపు 200 మంది. పుట్టిన రోజే తగాదా. ఫ్యూచరియన్లు అనే వామపక్ష ధోరణి ఉన్న క్లబ్బువాళ్లు కరపత్రాలు పంచి గొడవ చేస్తారని భయపడి, నిర్వాహకులు ఆరుగుర్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆగిపోయినవాళ్లలో డొనాల్డ్ వోల్‌హైమ్, ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్ ఉన్నారు. ఆ ముగ్గురూ తర్వాత ఈ రంగంలో పెద్ద రచయితలూ సంపాదకులూ అయ్యారు. తమాషా ఏమిటంటే అదే క్లబ్బుకి చెందిన ఐజాక్ అజిమోవ్ లోపలికి వెళ్లిపోయాడు, ఆయన్ని ఎవరూ ఆపలేదు.

ఆపినవాళ్లూ ఆగినవాళ్లూ అందరూ ఇరవై ఏళ్ల అటూ ఇటూ కుర్రాళ్లే. పెద్ద సంస్థ ఏదీ వెనకలేదు. లోపల ఎవరుండాలో బయట ఎవరుండాలో తేల్చుకోవాల్సింది వాళ్లలో వాళ్లే. అప్పటినుంచి ఇప్పటిదాకా కన్వెన్షన్లలో జరిగిన పెద్ద గొడవలన్నీ కాస్త అటూ ఇటూగా ఇదే గొడవ.

అసలు శని ఆదివారాలే ఎందుకు, హోటలే ఎందుకు అని అడిగితే జవాబు సాహిత్యంలో దొరకదు, హోటల్ లెక్కల్లో దొరుకుతుంది. పెద్ద హోటళ్లకి వారమంతా ఆఫీసు పనుల మీద తిరిగేవాళ్లు వస్తారు. శుక్రవారం సాయంత్రానికి వాళ్లంతా ఇళ్లకి వెళ్లిపోతారు. గదులు ఖాళీ, మీటింగ్ హాళ్లు ఖాళీ. వరసగా సెలవులొస్తే ఇంకా ఖాళీ. బ్రిటన్‌వాళ్ల ఈస్టర్‌కాన్ ఈస్టర్ సెలవుల్లో జరుగుతుంది. వరల్డ్‌కాన్ చాలా ఏళ్లు అమెరికా లేబర్ డే సెలవుల చుట్టూ జరిగింది. జనానికి సెలవు, హోటల్‌కి గిరాకీ లేని సమయం, రెండూ కలిసొస్తాయి. కమిటీ వెళ్లి బేరం పెడుతుంది. మావాళ్ల చేత ఇన్ని గదులు ఇన్ని రాత్రులకి బుక్ చేయిస్తాం, హాళ్లు మాకు ఉచితంగానో చవగ్గానో ఇవ్వండి అంటుంది. హోటల్ సరేనంటుంది. కానీ ఒప్పందంలో ఒక మెలిక ఉంటుంది. అన్న గదులు నిండకపోతే ఆ తేడా కమిటీయే కట్టాలి.

ఈ ఒక్క మెలిక అర్థమైతే కన్వెన్షన్ కమిటీల ముఖాల్లో టెన్షన్ సగం అర్థమైనట్టే. ఎదురు వీధిలో చవక లాడ్జి ఉంది కదా అని మీరు అక్కడ దిగితే మీకు కొంత మిగులుతుంది, కమిటీకి చిల్లు పడుతుంది. అందుకే "మన హోటల్లోనే దిగండి బాబూ" అని ప్రతి ప్రకటనలోనూ బతిమాలుతుంటారు. 2014 జులైలో షికాగో శివార్లలో డాష్‌కాన్ అనే కొత్త సభ జరిగింది. సైఫై ఒక్కటే కాదు, ఆన్‌లైన్‌లో రకరకాల సీరియళ్లకీ పుస్తకాలకీ అభిమానులైన కుర్రకారు పెట్టుకున్నది. మొదటి రాత్రే నిర్వాహకులు జనం ముందుకొచ్చి, హోటల్‌కి వెంటనే 17,000 డాలర్లు కట్టాలని చెప్పి జోలె పట్టారు. డబ్బయితే పోగైంది, పరువు మాత్రం నిలవలేదు. అక్కడ పెట్టిన చిన్న ప్లాస్టిక్ బంతుల తొట్టి, ఒక కార్యక్రమం రద్దయిందని నష్టపరిహారంగా అందులో ఇంకో గంట ఆడుకోమనడం, ఇవి ఇప్పటికీ జోకులుగా తిరుగుతున్నాయి. నేను నవ్వలేదని చెప్పను. కానీ అనుభవం ఉన్న కమిటీవాళ్లు ఆ కథ విని నవ్వరు, తమ హోటల్ ఒప్పందం మళ్లీ తీసి చదువుకుంటారు.

బాత్‌టబ్‌లో కూల్‌డ్రింకుల సంగతీ ఇదే. మీటింగ్ హాళ్లలో బయటి తిండి పెట్టకూడదని హోటళ్లు షరతు పెడతాయి. గదిలో అతిథి ఏం తింటాడన్నది మాత్రం అంతగా పట్టించుకోవు. అందుకని పై అంతస్తులో ఒక పెద్ద సూట్ తీసుకుని, మంచాలు పక్కకి జరిపి, మెంబర్లందరికీ చిరుతిళ్లు పెడతారు. దాన్ని కాన్ సూట్ అంటారు. చల్లగా ఉంచడానికి ఫ్రిజ్ చాలదు కాబట్టి తొట్టి నిండా ఐసు పోసి సీసాలు దించుతారు. అర్ధరాత్రి ఒంటిగంటకి ఆ తొట్టి అంచు మీద కూర్చుని ఒక ఖగోళ శాస్త్రవేత్త నాకు న్యూట్రాన్ తారల గురించి ముప్పావు గంట చెప్పాడు. పక్కన ఇంకొకాయన మోకాళ్ల మీద వంగి ఐసులో నిమ్మ సోడా కోసం వెతుకుతున్నాడు. ఇద్దరూ మధ్యలో ఆగలేదు.

పగలు జరిగేదాన్ని ప్రోగ్రాం అంటారు. ఒకే సమయంలో నాలుగైదు గదుల్లో నాలుగైదు చర్చలు, ఒక్కోటి గంట. వాటికి ప్యానెల్ అని పేరు. బల్ల వెనక నలుగురైదుగురు, వాళ్లలో ఒకరు నడిపించేవాళ్లు. గౌరవ అతిథుల ఖర్చులు భరించడం తప్ప ఈ మాట్లాడేవాళ్లెవరికీ డబ్బివ్వరు. మెంబర్‌షిప్‌లో తగ్గింపో మినహాయింపో ఉంటే ఉంటుంది. వరల్డ్‌కాన్‌లో అయితే ప్యానెల్‌లో కూర్చునే రచయితలు కూడా ముందు తమ డబ్బుతోనే మెంబర్లు కావడం ఆనవాయితీ. చివర్లో లెక్కలు చూసి మిగిలితే తిరిగిస్తారు. స్టేజీ మీద ఉన్నవాళ్లూ కింద ఉన్నవాళ్లూ ఒకటే అన్నది మర్యాద కోసం చెప్పే మాట కాదు, రసీదు చూపించి నిరూపించగల సంగతి.

నాకు బాగా గుర్తున్న ప్యానెల్ ఒకటి చెప్తాను. తరాల తరబడి ప్రయాణించే అంతరిక్ష నౌకలో మురుగునీరు ఏమవుతుంది అన్నది విషయం. శనివారం పొద్దున్న పది గంటలకి. ఆ టైములో ఆ విషయానికి ఎవరొస్తారని వెళ్తే గది నిండిపోయి ఉంది. ఒక నవలా రచయిత్రి, ఒక సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, జీవితమంతా నగర మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరు. రచయిత్రి ముందే ఒప్పేసుకుంది, తన మూడు నవలల్లో ఎవరూ బాత్రూంకి వెళ్లరని. ఇంజనీరు లేచి బోర్డు మీద లెక్క రాశాడు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇప్పుడు 98 శాతం దాకా నీటిని తిరిగి శుద్ధి చేసి వాడుకోగలుగుతున్నారు. బ్రహ్మాండం కదా అన్నాడు. నౌకలో వెయ్యి మంది ఉన్నారనుకోండి, మనిషికి రోజుకి మూడు లీటర్లు అనుకోండి, స్నానాలూ బట్టలు ఉతకడాలూ వదిలేయండి. మూడు వేల లీటర్లలో రెండు శాతం అంటే రోజుకి అరవై లీటర్లు పోతాయి. ఏడాదికి దాదాపు ఇరవై రెండు వేలు. వందేళ్లకి ఇరవై రెండు లక్షల లీటర్లు. "అంటే మీరు బయల్దేరేటప్పుడే రెండు వేల రెండు వందల టన్నుల నీళ్లు అదనంగా మోసుకెళ్లాలి. లేదా దారిలో ఒక తోకచుక్కని పట్టుకోవాలి," అన్నాడు. రచయిత్రి అరచేతి మీద ఏదో రాసుకుంది. ఆమె తర్వాతి నవల్లో తోకచుక్క ఉంటుందని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

ప్రశ్నల సమయంలో ఒకాయన లేచి, "ఇది ప్రశ్న కాదు గానీ, నా అభిప్రాయం..." అని మొదలెట్టాడు. గది మొత్తం మూలిగింది. ప్రపంచంలో ఏ కన్వెన్షన్‌కి వెళ్లినా ఈయన ఉంటాడు.

ప్యానెళ్లు కాక పుస్తకాలూ నగలూ కత్తులూ అమ్మే డీలర్ల గది ఉంటుంది. చిత్రాల ప్రదర్శన ఉంటుంది. అక్కడ ప్రతి బొమ్మ కింద ఒక కాగితం ఉంటుంది, కొనాలనుకున్నవాళ్లు తమ ధర రాసి పోతారు, ఆదివారం చివరి రాత ఎవరిదైతే వాళ్లకి. పోటీ ఎక్కువైతే నిజంగానే వేలం పాట పెడతారు. రాత్రుళ్లు ఒక మూల గదిలో గుండ్రంగా కూర్చుని సైన్స్ ఫిక్షన్ పాటలు పాడుకుంటారు. దీన్ని ఫిల్క్ అంటారు. 1950ల్లో ఒకతను ఇంగ్లిష్‌లో 'ఫోక్', అంటే జానపదం, అని టైపు చెయ్యబోయి ఒక అక్షరం తప్పు కొట్టాడు, ఆ అచ్చుతప్పే పేరుగా నిలిచిపోయింది.

వేషాల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే బయటివాళ్లు కన్వెన్షన్ అంటే వేషాలే అనుకుంటారు. 1939 నాటి ఆ మొదటి వరల్డ్‌కాన్‌కే లాస్ ఏంజెలస్ నుంచి ఫారెస్ట్ ఆకర్‌మన్, మైర్టల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్తు కాలపు దుస్తుల్లో వచ్చారు. రెండు జతలూ ఆమే డిజైన్ చేసి కుట్టింది. చాలా కాలం చరిత్రలో ఆయన పేరే ముందు వినిపించింది, కుట్టినామె పేరు ఈమధ్యే సరిగ్గా చెప్పుకుంటున్నారు. కాస్‌ప్లే అన్న మాట చాలా తర్వాత, 1980ల్లో, జపాన్‌కి చెందిన నోబుయుకి తకహాషి పుట్టించాడు. సాయంత్రం జరిగే వేషాల పోటీని మాస్కరేడ్ అంటారు. దీనికి ఒక విచిత్రమైన నిబంధన ఉంది, వేరుశనగ వెన్నతో చేసిన వేషాలు నిషిద్ధం. 1972 వరల్డ్‌కాన్‌లో ఒక యువ కార్టూనిస్టు ఒళ్లంతా ఆ వెన్న పూసుకుని స్టేజీ ఎక్కాడు. లైట్ల వేడికి వెన్న కరిగింది, వాసన కొట్టింది, నెలల తరబడి కుట్టుకున్న పక్కవాళ్ల దుస్తులకి అంటుకుంది. నవ్వొచ్చే నిబంధన వెనక ఎప్పుడూ ఒక శనివారం రాత్రి ఉంటుంది.

నిద్ర గురించి ఒక పాత లెక్క ఉంది, ఐదు-రెండు-ఒకటి. రోజుకి కనీసం ఐదు గంటల నిద్ర, రెండు పూటల భోజనం, ఒక స్నానం. ఆ స్నానం మీ కోసం కాదు, పక్కవాళ్ల కోసం. నేను మొదటి రోజు నాలుగు-ఒకటి-ఒకటి చేశాను. సోమవారానికి గొంతు పోయింది. దానికీ వాళ్ల దగ్గర ఒక పేరుంది, కాన్ క్రడ్ అని.

ఇక ఓట్లు. మెంబర్ అన్న మాటకి అసలు బరువు ఇక్కడే తెలుస్తుంది, బయటివాళ్లకి అర్థంకానిదీ ఇదే.

వరల్డ్‌కాన్ వెనక ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సంఘం అని ఒకటుంది. పేరు ఘనంగా ఉంది గానీ దానికి ఆఫీసు లేదు, ఉద్యోగులు లేరు. ఆ ఏడాది వరల్డ్‌కాన్‌కి ఎవరు మెంబర్లో వాళ్లే సంఘం. వరల్డ్‌కాన్ ఏడాదికో ఊళ్లో, ఏడాదికో కొత్త కమిటీ చేతుల్లో జరుగుతుంది. మళ్లీ ఎక్కడ జరగాలో కూడా మెంబర్లే ఓటేసి తేలుస్తారు. హ్యూగో అవార్డులు ఇచ్చేదీ వాళ్లే. 1953లో ఫిలడెల్ఫియాలో మొదలైన ఈ అవార్డుకి రాకెట్ ఆకారపు ట్రోఫీ ఉంటుంది, పేరు ఆ గెర్న్స్‌బాక్‌దే. జ్యూరీ లేదు. మెంబర్‌షిప్ ఉన్న ఎవరైనా, సభకి రాకపోయినా, నామినేట్ చెయ్యొచ్చు, ఓటెయ్యొచ్చు.

ఓటు వెయ్యడం కూడా ఒకదానికి టిక్ పెట్టడం కాదు. బరిలో ఉన్నవాటికి ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు ఇస్తారు. వంద మంది ఓటేశారనుకుందాం. మొదటి నంబరు క నవలకి నలభై, చ నవలకి ముప్పై ఐదు, ట నవలకి పాతిక వచ్చాయి. సగం దాటినవాళ్లు లేరు కాబట్టి చివర్లో ఉన్న ట తప్పుకుంటుంది. దానికి ఓటేసిన పాతిక మంది రెండో నంబరు ఎవరికిచ్చారో చూస్తారు. ఇరవై మంది చకి, ఐదుగురు కకి ఇచ్చి ఉంటే చ యాభై ఐదుతో గెలుస్తుంది. ఎక్కువ మందికి బాగా నచ్చింది అని కాకుండా, ఎక్కువ మందికి అభ్యంతరం లేనిది గెలిచే పద్ధతి ఇది. ఇంకో సంగతి, ప్రతి విభాగంలోనూ 'ఎవరికీ వద్దు' అనేది కూడా ఒక అభ్యర్థి. దానికీ నంబరు ఇవ్వొచ్చు. అది గెలిస్తే ఆ ఏడు ఆ విభాగంలో అవార్డు ఉండదు.

ఈ ఓటింగ్ గట్టిదే. బలహీనత దానికి ముందు దశలో, నామినేషన్లలో ఉండేది. ఏడాదికి వందల కొద్దీ కథలు వస్తాయి. వెయ్యి మంది నామినేట్ చేస్తే వాళ్ల ఇష్టాలు వందల కథల మీద చెదిరిపోతాయి. ఒక్కో కథకి పదో పాతికో పడతాయి. అలాంటప్పుడు ఒక చిన్న గుంపు కూడబలుక్కుని ఒకే ఐదు కథల పేర్లు రాస్తే చాలు, బరిలోని ఐదు చోట్లూ వాళ్లవే అయిపోతాయి. చిల్లరగా పంచిన వెయ్యి ఓట్లని కట్టగా వేసిన వంద ఓట్లు కొట్టేస్తాయి. 2015లో ఇదే జరిగింది. అవార్డులు ఒక రాజకీయ వైపుకి ఒరిగిపోయాయని ఆరోపిస్తూ కొందరు జాబితాలు ప్రకటించి, అవే నామినేట్ చెయ్యమన్నారు. నిబంధనలు ఒక్కటీ తప్పలేదు. కొన్ని విభాగాల్లో బరి మొత్తం ఆ జాబితాలదే అయింది. మిగతా మెంబర్లకి చేతిలో మిగిలిన ఆయుధం ఒకటే, ఐదు విభాగాల్లో 'ఎవరికీ వద్దు' గెలిచింది.

అంత గొడవ జరిగాక వెంటనే నిబంధన మార్చొచ్చు కదా అనిపిస్తుంది. మార్చే అధికారం ఉన్నది ఏ కమిటీకీ కాదు. మామూలుగా వరల్డ్‌కాన్ జరిగే రోజుల్లో పొద్దుటిపూట వ్యవహారాల సమావేశం ఒకటి జరుగుతుంది. సభకి వచ్చిన మెంబర్లు ఎవరైనా అందులో కూర్చుని చెయ్యెత్తొచ్చు. అక్కడ నెగ్గిన సవరణ మరుసటి ఏడాది, ఇంకో ఊళ్లో, ఇంకో జనం ముందు మళ్లీ నెగ్గితేనే అమల్లోకి వస్తుంది. ఒక ఊరివాళ్లు ఆవేశంలో చేసింది ఇంకో ఊరివాళ్లు ఆపగలగాలని. కొత్త లెక్క 2015లో పాసై, 2016లో ఖాయమై, 2017లో అమలైంది. ఆ లెక్క ప్రకారం ప్రతి నామినేషన్ పత్రానికీ ఒక్కో విభాగంలో ఒకే పాయింటు. ఐదు పేర్లు రాస్తే ఐదో వంతు చొప్పున పంచుకుంటాయి. వెనకబడ్డ పేరు ఒకటి తొలగిపోతే దాని వాటా అదే పత్రంలో మిగిలినవాటికి చేరుతుంది. మామూలు పాఠకుల పత్రాల్లో పేర్లు ఒక్కొక్కటే రాలిపోయి, చివరికి మిగిలిన ఒకటి రెండిటికి పూర్తి బలం వస్తుంది. జాబితావాళ్లు మాత్రం తమ ఐదు పేర్ల మధ్యే ఓట్లు పంచుకుని తమలో తామే పోటీ పడాలి. ఒకటో రెండో బరిలోకి వస్తాయి, ఐదూ రావు. గుంపుని బయటికి తోసెయ్యలేదు, దాని సైజుకి తగ్గ చోటిచ్చారు. 1939లో గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డ కుర్రాళ్లు చేసినదానికంటే ఇది తెలివైన పని అని నాకనిపిస్తుంది.

అయినా మెంబర్లు రాసుకున్న నిబంధనల్ని నడిపేది మనుషులే. 2023లో వరల్డ్‌కాన్ మొదటిసారి చైనాలో, చెంగ్డూలో జరిగింది. మరుసటి జనవరిలో నామినేషన్ల లెక్కలు బయటికొచ్చాక చూస్తే, ఓట్లు బాగానే వచ్చిన కొన్ని రచనల పక్కన, కొందరు వ్యక్తుల పక్కన 'అర్హత లేదు' అని రాసి ఉంది. ఎందుకో రాయలేదు. చైనా విషయంలో ఇబ్బంది కలిగించొచ్చనే భయంతో అవార్డు నిర్వాహకులు రచయితల నేపథ్యాలు తవ్వారని తర్వాత బయటపడ్డ ఈమెయిళ్లు చూపించాయి. రాజీనామాలు జరిగాయి. 2024 వరల్డ్‌కాన్‌ని నడిపిన గ్లాస్గో కమిటీ దీన్నుంచి నేర్చుకున్నట్టే కనిపించింది. ఒకే అభ్యర్థిని గెలిపించడానికి దొంగ మెంబర్‌షిప్‌లతో వేసినవని 377 ఓట్లు తీసేసి, ఆ సంగతి ఫలితాలు రాకముందే అందరికీ చెప్పేసింది. ఓటు కొనుక్కోగలిగిన చోట ఓట్లు కొనేవాళ్లు కూడా వస్తారు. మెంబర్‌షిప్ పద్ధతికి ఉన్న అసలు లోపం ఇదే, దీనికి పూర్తి విరుగుడు ఇంకా దొరకలేదు.

ఇంకో లోపం గురించి చాలా ఏళ్లు నోరెత్తలేదు. అందరూ అందరికీ తెలిసిన చోట, ఒకడు ఆడపిల్లలతో తప్పుగా ప్రవర్తిస్తే "వాడంతేలే, ముప్పై ఏళ్లుగా వస్తున్నాడు" అని సర్దుకుపోవడం అలవాటైపోయింది. 2012లో రీడర్‌కాన్ అనే కన్వెన్షన్‌లో ఒకరు వేధించారని తేలాక, శాశ్వతంగా బహిష్కరించాలన్న తమ నిబంధనని తామే పక్కన పెట్టి తక్కువ శిక్షతో వదిలేయబోయింది దాని బోర్డు. మెంబర్లు ఊరుకోలేదు. బోర్డు మొత్తం రాజీనామా చేసింది, బహిష్కరణ అమలైంది. ఇప్పుడు దాదాపు ప్రతి కన్వెన్షన్‌లోనూ ప్రవర్తనా నియమావళి ఉంటుంది, ఫిర్యాదు చెయ్యడానికి ఒక బల్ల, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. నేను వెళ్లినచోట బ్యాడ్జి వెనకే ఆ నంబరు అచ్చేసి ఇచ్చారు.

ఆదివారం మధ్యాహ్నానికి లాబీలో సూట్‌కేసులు కనపడతాయి. డీలర్ల గదిలో అట్టపెట్టెలు తెరుచుకుంటాయి. అప్పుడు ఒక చివరి కార్యక్రమం ఉంటుంది, ఫిర్యాదుల సభ. కమిటీ అంతా నిద్రలేని కళ్లతో ముందు వరసలో కూర్చుంటుంది, మెంబర్లు ఒక్కొక్కరే లేచి ఏం బాగాలేదో చెప్తారు. మైకులు సరిగ్గా పనిచెయ్యలేదు. మూడో అంతస్తు లిఫ్ట్ దగ్గర వీల్‌చెయిర్ తిరగలేదు. ఫలానా ప్యానెల్‌లో ఐదుగురూ ఒకే మాట మాట్లాడారు. కమిటీ ఎదురు చెప్పదు, రాసుకుంటుంది.

నేనూ లేచాను. శనివారం పొద్దున్న రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర క్యూ గంట సేపు కదల్లేదు, ముందే డబ్బు కట్టినవాళ్లకీ అక్కడే కట్టేవాళ్లకీ వేర్వేరు వరసలు పెట్టి ఉంటే సరిపోయేది అన్నాను. చాలా సబబైన మాట చెప్పానని నాకు నేనే అనుకుంటున్నాను. రిబ్బన్లావిడ ముందు వరసలోంచి వెనక్కి తిరిగారు. నా బ్యాడ్జి మీద పేరు కళ్లు చికిలించి చదివారు. ఒళ్లో ఉన్న పుస్తకంలో ఒక పేజీ తిప్పి, పైన వచ్చే ఏడాది తేదీ వేసి, దాని కింద నా పేరు రాసుకుంటూ, "శనివారం పొద్దున్న ఏడింటికల్లా రాగలరా?" అని అడిగారు.